గొల్లపల్లి ఏకాండి వీణ: కొనేముందు ఏం చూడాలి, ఏం వినాలి

మా చెల్లెలి కూతురికి నిరుడు బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఏకాండి వీణ, అంటే ఒకే దుంగలోంచి తొలిచిన వీణ, ఒకటి చేయించాం. నేను విశాఖపట్నంలో ఇంటి దగ్గరే పిల్లలకు వీణ నేర్పుతాను. కొత్త వీణ ఎక్కడ కొనాలి, ఎంతవుతుంది, బొబ్బిలిదా తంజావూరుదా అని తల్లిదండ్రులు అడుగుతూనే ఉంటారు. ఈ వీణ మా ఇంటికొచ్చి ఏడాది దాటింది. ఎండాకాలం, వానాకాలం రెండూ చూసింది. ఇక దాని గురించి నమ్మకంగా రాయొచ్చు అనిపించింది.

కొన్నందుకు చాలా సంతోషంగా ఉంది. మళ్లీ కొనాల్సి వచ్చినా అక్కడికే వెళ్తాను. కాకపోతే బొబ్బిలి వీణ అనగానే అందరి కళ్లూ వీణ చివర చెక్కే యాళి (సింహం లాంటి జంతువు) ముఖం మీదా, పొడవాటి దండి మీది లతల మీదా పడతాయి. నిజానికి ఓపిగ్గా కూర్చుని పరీక్షించాల్సినవి కుండ మీద మూసే పలక మందం, తీగెలను మోసే గుర్రం మీది కంచు రేకు, మేళం (మైనం మీద స్వరాల మెట్లు నిలిపిన తీరు). ఇవి బాగుంటే యాళి ముక్కు కాస్త వంకరపోయినా వీణ పలుకుతుంది. ఇవి బాగోకపోతే ఎంత చెక్కుడుపని ఉన్నా ఆ వీణ షోకేసులోకే పనికొస్తుంది.

గొల్లపల్లి బొబ్బిలి పట్టణాన్ని ఆనుకునే ఉంటుంది. విజయనగరం నుంచి పార్వతీపురం, రాయగడ వైపు వెళ్లే రైలు ఎక్కి బొబ్బిలిలో దిగి, వీణలు చేసే చోటుకి అని ఆటో అబ్బాయికి చెబితే చాలు. 1757 నాటి యుద్ధం గురించి చదివి, తాండ్ర పాపారాయుడి కథ జరిగిన ఊరు చూడాలని వచ్చేవాళ్లు చాలామంది గొల్లపల్లి గడప తొక్కకుండానే తిరుగుముఖం పడతారు. నాకు అది బాధగా ఉంటుంది. బొబ్బిలి రాజుల ఆదరణలో పెరిగిన ఈ పనిని సర్వసిద్ధి వారి కుటుంబాలు తరతరాలుగా చేతుల్లో నిలుపుకొచ్చాయి. బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా ఉంది.

లోపలికి వెళ్లగానే ముందు కనబడేవి బహుమతి వీణలు. అరచేతిలో ఇమిడేవి, గాజుపెట్టెలో పెట్టి సభల్లో అతిథులకు ఇచ్చేవి. వాటిని తక్కువచేసి మాట్లాడే సంగీతం వాళ్లు నాకు తెలుసు, ఆ మాట నాకు నచ్చదు. పెద్ద వీణ ఒకటి పూర్తికావడానికి నెలరోజుల దాకా పడుతుంది, కొనేవాళ్లు కొద్దిమంది. బొమ్మ వీణలు నాలుగు అమ్ముడుపోతేనే పెద్ద వీణ చేసే చెయ్యి ఊళ్లో నిలుస్తుంది. మేమూ రెండు కొన్నాం, చుట్టాలకు ఇవ్వడానికి.

ఏకాండి వీణలో కుండా (నాదం పుట్టే గుండ్రని భాగం), దండీ ఒకే పనస దుంగలోంచి తొలిచినవి. మధ్యలో అతుకు ఉండదు. కుండ మీద మూసే పలక మాత్రం వేరే చెక్క. పనస తేలిక, గట్టిది, చెద పట్టదు. ముదురు చెట్టు చేవ కావాలి. కోసిన కొత్తలో పసుపుపచ్చగా ఉండి, ఏళ్లు గడిచేకొద్దీ గోధుమరంగులోకి తిరుగుతుంది. పచ్చి చెక్కతో చేసిన వీణ తర్వాత పగులైనా ఇస్తుంది, దండి అయినా వంగుతుంది. దండి వెంట్రుకవాసి వంగినా పై స్థాయి మెట్ల మీద తీగ బరబరమంటుంది, ఇక ఆ వీణతో జీవితాంతం పోరే.

అందుకే నేను వెళ్లగానే అడిగిన మొదటి ప్రశ్న, "మేస్త్రీ గారూ, దుంగ ఎప్పటిది?" ఆయన జవాబు చెప్పలేదు. లోపలికి వెళ్లి, తొలిచి పెట్టిన కుండ ఒకటి తెచ్చి నా ముందు పెట్టారు. "ఏలితో కొట్టి ఇనండమ్మా" అన్నారు. కొట్టాను. మోత పుట్టిన చోటే అణిగిపోయింది. ఇంకోటి తెచ్చారు. కంటికి రెండింటికీ తేడా లేదు, కానీ దీని మోత కాసేపు నిలిచి మెల్లగా తగ్గింది. "మొదటిదింకా తడి ఒదల్లేదమ్మా. ఇది మీదనుకోండి" అన్నారు. అమ్ముడుపోయే సరుకును ఇది ఇంకా కాలేదు అని పక్కన పెట్టే మనిషి దగ్గర వీణ కొనడానికి నాకు ఇంకో కారణం అక్కర్లేదు.

కుండ తొలిచేటప్పుడు చూడండి, చూడనిస్తారు. బాడిసతో పైరూపు తీసి, లోపల ఉలితో తొలుస్తారు. అంచు దగ్గర గోడ మందాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి చూసుకుంటారు. వేళ్లు అందని అడుగుభాగానికి బయటినుంచి తట్టి వింటారు. ఒకచోట తట్టి, జానెడు పక్కన తట్టి, మోత మొద్దుగా వచ్చిన చోట మళ్లీ ఉలి పెడతారు. పలక పని ఇంకా సున్నితం. మరీ మందమైతే నాదం లోపలే ఉండిపోతుంది, మరీ పల్చనైతే కొన్నేళ్లకు గుర్రం బరువుకీ తీగెల బిగువుకీ కుంగిపోతుంది. దండి అంచుల్లో తెల్లని పువ్వుల పనికి ఒకప్పుడు ఏనుగుదంతం వాడేవారు, ఇప్పుడంతా ప్లాస్టిక్ రేకు. అందులో నొచ్చుకోవాల్సింది ఏమీ లేదు, ఏనుగు బతికింది, నాదానికి ఏ నష్టమూ రాలేదు.

ఇక్కడ కాస్త పక్కకు వెళ్లి ఒక సంగతి చెప్పాలి. అమరావతి స్తూపం శిల్పాల్లో వాయించేవాళ్ల చేతుల్లో ఉన్నది ఇప్పుడు మనం వాయించే వీణ కాదు. విల్లులా వంగిన కొమ్ముకు తీగెల వరుస కట్టిన వాద్యం, ఇప్పుడు హార్ప్ అంటున్న జాతికి చెందినది. సముద్రగుప్తుడి బంగారు నాణెం మీద రాజు ఒళ్లో ఉన్నదీ అదే. బర్మాలో సౌంగ్ అనే పేరుతో ఆ విల్లు రూపాన్ని ఇప్పటికీ చేత్తో చేస్తున్నారు, వాయిస్తున్నారు. హార్ప్‌లో స్వరానికో తీగ. ఒక స్వరం తప్పితే ఆ తీగ ఒక్కటి బిగించుకుంటే సరిపోతుంది. మన వీణకు ఆ వెసులుబాటు లేదు. వాయించే తీగెలు నాలుగు, వాటి కింద మెట్లు 24. ఒక మెట్టు తప్పుగా నిలిస్తే ఆ మెట్టు మీద నాలుగు తీగెలూ తప్పు పలుకుతాయి, దాని మీద లాగే ప్రతి గమకమూ తప్పుచోట మొదలవుతుంది. వీణ చేయడంలో సగం విద్య కుండ తొలవడంలో ఉంటే, మిగతా సగం మేళం కట్టడంలో ఉంది.

కాబట్టి మేళం కట్టే రోజు మీరు దగ్గరుండేలా ముందే మాట్లాడుకోండి. వాయించే పిల్లను కూడా తీసుకెళ్లండి.

తేనెమైనంలో గుగ్గిలం, బొగ్గుపొడి కలిపి కాచి, దండికి రెండు అంచులా నల్లని గట్టులా పోస్తారు. అది పూర్తిగా గట్టిపడకముందే మెట్లు ఒక్కొక్కటే నిలబెడతారు. స్థాయికి పన్నెండు చొప్పున రెండు స్థాయిలు. ఈ 24 మెట్ల ఏర్పాటు తంజావూరులో రఘునాథ నాయకుడి కాలంలో స్థిరపడిందని చెబుతారు. ఆ కొలువు తెలుగు కొలువే కదా. ఏడో మెట్టు పంచమం, పన్నెండో మెట్టు పై షడ్జం. మా మేస్త్రీ గారు ఆ రెండూ ముందు నిలిపి, మిగిలినవి వాటి మధ్య సర్దుకుంటూ వచ్చారు. నేను ఫోన్‌లో శృతి పెట్టి పక్కన ఉంచాను. వద్దనలేదు గానీ ఆయన చెవి అటు తిరగలేదు. మంద్రం తీగ (కింది షడ్జం పలికేది) మీటుకుని దానితోనే పోల్చుకున్నారు.

అంతర గాంధారం దగ్గర చాలాసేపు ఆగారు. నాలుగో మెట్టు. కాల్చిన ఇనుప కడ్డీని మైనానికి ఆనించి, మెట్టును ఇసుమంత జరిపారు, మీటారు, తల అడ్డంగా ఊపారు, మళ్లీ వెనక్కి జరిపారు. మా అమ్మాయి నా చెవిలో "రెండూ ఒకటే కదా పెద్దమ్మా" అంది. ఆయన విన్నారు. "ఇప్పుడు ఇను పాపా" అని ముందు మెట్టును పాత చోట పెట్టి మీటారు, తర్వాత కొత్త చోట. రెండోసారి మీటినప్పుడు, ఎవరూ ముట్టుకోని మంద్రం తీగ సన్నగా తనూ పలికింది. మా అమ్మాయి కళ్లు పెద్దవి చేసింది. నేను తరగతిలో ఎన్నిసార్లు చెప్పినా అందని విషయం ఆ నిమిషంలో దానికి అందింది. అప్పటినుంచి గాంధారం వాయించేటప్పుడు ఆగి వింటోంది.

గుర్రం మీది కంచు రేకు సంగతి. ఆ రేకు పైకి చదునుగా కనిపిస్తుంది గానీ దానికి చాలా కొద్దిపాటి వంపు ఉంటుంది. తీగ ఆ వంపును ఒరుసుకుంటూ కంపించడం వల్లే వీణకు ఆ తళుకు, ఆ నిడివి వస్తాయి. మేస్త్రీ గారు ఆకురాయితో ఒక్కసారి అటూ ఇటూ అనడం, మీటి వినడం, మళ్లీ ఆకురాయి పట్టడం. ఎక్కువ అరిగితే తీగ సితారులా జివ్వుమంటుంది, తక్కువైతే చెక్కను కొట్టినట్టు టక్కున ఆగుతుంది. నేను పెట్టే పరీక్ష ఒకటుంది: సారణి (మొదటి తీగ) మీటి, మధ్యమ కాలంలో, అంటే ఓ మోస్తరు వేగంలో, ఆదితాళం వేయండి. ఆవర్తనం పూర్తయ్యేదాకా నాదం చెవికి అందాలి. అందకపోతే మొహమాటపడకుండా మళ్లీ చూడమని అడగండి. మేం అడిగాం, విసుక్కోకుండా చేశారు.

ఈ నిడివి మీద నాకు ఇంత పట్టుదల ఎందుకంటే, ఈమని శంకరశాస్త్రి గారి వీణ, ఆయన శిష్యులు చిట్టిబాబు గారి వీణ విని పెరిగిన చెవి నాది. ఒక్క మీటు మీటి, ఆ నాదం చచ్చిపోయేలోపు తీగను పక్కకు లాగుతూ గొంతుతో పాడినట్టు నాలుగైదు స్వరాలు తీసే బాణీ వాళ్లది. నేను చదివిన విజయనగరం సంగీత కళాశాలలో కూడా మా గురువుగారు "మీటు తగ్గించు, పలికించు" అనేవారు. 1919లో ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి అధ్యక్షులుగా మొదలైన కళాశాల అది, అక్కడ గాత్రం వినని వీణ విద్యార్థి ఉండడు. మీటు నిలవని వీణ మీద ఈ బాణీ సాధ్యం కాదు. పిల్లలు నాదం ఆగిపోతుందన్న భయంతో ప్రతి స్వరానికీ మీటడం అలవాటు చేసుకుంటారు, తర్వాత ఆ అలవాటు మాన్పించడం చాలా కష్టం. చిన్నపిల్లే కదా, ఏదో ఒక వీణ చాలు అనే తల్లిదండ్రులకు నేను చెప్పేది ఇదే.

వాయింపులో ఎలా ఉందంటే, సారణి మీద తోడి గాంధారం లాగితే చేతికి తీగ వెన్నలా వస్తుంది, ఎక్కడా పట్టదు. పై స్థాయిలో స్వరం తేటగా, ఒంటరిగా నిలబడుతుంది. నా దగ్గరున్న పాత తంజావూరు వీణ మంద్రంలో ఇంతకంటే నిండుగా పలుకుతుంది, ఆ మాట దాచను. అనుమంద్రం (అన్నిటికంటే కింది తీగ) మీద తానం వాయించడానికి నేను ఇప్పటికీ దాన్నే తీస్తాను. కానీ మా అమ్మాయి కీర్తన వాయిస్తుంటే పక్కగదిలో కూర్చుని సాహిత్యం పోల్చుకోగలుగుతున్నాను. ఆ స్పష్టత నా వీణకు లేదు. ఏడాదిలో నాదం ఇంకొంచెం విచ్చుకుంది కూడా. రోజూ వాయిస్తే చెక్క తేరుకుంటుంది.

ఇక లోపాలు. వానాకాలంలో తీగెలు బిగించే బిరడాలు రెండు నిలవలేదు, శృతి చేసిన పావుగంటకే జారేవి. సుద్దపొడి రాసి కొన్నాళ్లు నెట్టుకొచ్చాం. తర్వాత ఫోన్ చేస్తే కొత్త బిరడాలు చేసి పంపారు, డబ్బు తీసుకోలేదు. వీణతో పాటు ఇచ్చిన తీగెలు మాత్రం నాసిరకం. మంద్రం తీగ మొద్దుగా పలికింది, వారంలోనే మొత్తం మార్చేశాను. మీరు మంచి తీగెలు ముందే కొని పట్టుకెళ్లి, మేళం వాటి మీదే కట్టమనండి. తీగ మందం మారితే మెట్ల లెక్క కూడా కాస్త మారుతుంది.

పలక మీద వార్నిష్ గురించి కూడా ముందే చెప్పాలి. తళతళలాడాలని అడిగేవాళ్లు ఎక్కువ కాబట్టి దళసరిగా పూయడం అక్కడ అలవాటైపోయింది. పలక మీద పల్చగా ఒక పూత చాలు అనండి, దండికీ కుండకీ ఎంత మెరుపు కావాలంటే అంత వేయించుకోండి. దండి కింద బిగించే బుర్ర నిజం సొరకాయదీ దొరుకుతుంది, ఫైబర్‌దీ దొరుకుతుంది. ప్రయాణాలు చేసే పిల్లలైతే ఫైబర్ తీసుకోండి. నాదంలో నా చెవికి తేడా తెలియలేదు, సొరకాయ మాత్రం ఒక్క దెబ్బకు పగులుతుంది.

ధర. మేం వీణకు ఇచ్చింది ₹32,000, పెట్టె వేరు. చెక్కుడుపని ఎక్కువ కోరితే ఇంకా పెరుగుతుంది, తగ్గించుకుంటే తగ్గుతుంది. మేం లతలు వద్దన్నాం. యాళి, అంచు పని మాత్రమే చేయించి, ఆ మిగిలిన రోజులు మేళానికి పెట్టమన్నాం. దయచేసి అక్కడ బేరమాడకండి. దుంగ కొని, ఎండబెట్టి, నెలపాటు ఇంటిల్లిపాదీ పనిచేస్తే వచ్చే డబ్బు అది. నగరంలో వాద్యాల దుకాణంలో ఇంతకన్నా ఎక్కువే ఇస్తాం, ఆ వీణ ఎవరు చేశారో, మేళం ఎవరు కట్టారో దుకాణం వాడికే తెలియదు. అలాంటి చోట కొన్న వీణ ఒకటి నా దగ్గరికి వచ్చింది. పై స్థాయిలో ఒక్క మెట్టూ నిలవలేదు, మళ్లీ మొత్తం మేళం కట్టించాల్సి వచ్చింది. ఆ ఖర్చు కూడా కలుపుకుంటే లెక్క మీకే తెలుస్తుంది.

ముందుగా ఫోన్ చేసి అడ్వాన్స్ ఇచ్చి వెళ్లండి. సిద్ధంగా ఉన్న పెద్ద వీణలు ఒకటో రెండో ఉంటాయి. వాటిలో నచ్చింది దొరికితే అదృష్టమే, లేకపోతే చేయించుకోవాల్సిందే. దసరా ముందు వెళ్తే బహుమతి వీణల పనితో ఊపిరి సలపనంత హడావిడిలో ఉంటారు, కాబట్టి ఆ రోజులు వదిలి వెళ్లండి. పెట్టె మాత్రం మీ ఊళ్లో చేయించుకుని కారులో తీసుకెళ్లండి. అక్కడ దొరికేది పల్చని ప్లైవుడ్, లోపల స్పాంజి చాలదు.

వీణను పార్శిల్‌లో వేయొద్దు, వేసవిలో అసలు వద్దు. మూసిన కారులో మధ్యాహ్నం గంటసేపు వదిలినా మైనం మెత్తబడి మెట్లు పక్కకు ఒరుగుతాయి. మేం తెల్లవారుజామున బయల్దేరి, ఎండ ముదరక ముందే ఇల్లు చేరేలా చూసుకున్నాం. తీగెలు సగం వదులు చేసి, గుర్రం చుట్టూ గుడ్డ చుట్టి, బుర్ర విప్పి విడిగా పెట్టి తెచ్చాం.

మేళం కలకాలం ఉండేది కాదు. తీగెల ఒరిపిడికి మెట్ల మీద గాట్లు పడతాయి, మైనం కుంగుతుంది. రోజూ సాధన చేసేవాళ్లు రెండేళ్లకోసారైనా చూపించుకోవాలి. ఆ మేస్త్రీ గారు కబురు పెడితే విశాఖ వచ్చి ఇంటి దగ్గరే మేళం కడతారు. ఈసారి సంక్రాంతి తర్వాత రమ్మన్నాను. చుట్టుపక్కల మేళం పని ఉన్నవాళ్లు ముందే చెబితే అదే రాకలో అందరివీ చేయించుకోవచ్చు, ఆయన ప్రయాణ ఖర్చు తలా కొంత వేసుకుందాం.